ఉల్టా ఆదివారం

పోయిన వారం ఏ గుమ్మం దగ్గర ఫోను పట్టుకుని బిగుసుకుపోయానో, నా ప్రాణం ఇంకా అక్కడే ఉంది. మా హర్షిత కట్టిన మొట్టమొదటి పాట, వచ్చే శుక్రవారం ఒక వెబ్ సినిమాలో లోకమంతా వినబోయే పాట, దాన్ని తిరగేసి వింటే మా అమ్మ కూనిరాగం. కుట్టుమిషను తొక్కుతూ అమ్మ తనలో తాను పాడుకునే రాగం. మాటలు లేవు, పేరు లేదు, ఇంకెవరికీ రాదు. ఇప్పుడు అమ్మకు కూడా రాదు. పక్షవాతం వచ్చిన నాటి నుంచి, రెండేళ్ళుగా అమ్మ నోట చిన్న శబ్దం కూడా లేదు.

నన్ను మొదటి నుంచీ ఎరిగినవాళ్ళకు ఇదంతా తెలుసు. ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం కాస్త చెప్పి ముందుకు పోతాను, విసుక్కోకండి. అసలే నా ఒళ్ళు మండుతోంది.

మేం నలుగురం. మా వాట్సాప్ గ్రూపు పేరు 'పల్లవికి ముందు'. పాట మొదలయ్యే ముందు వచ్చే సంగీతం ముక్క ఒకరు పెడతారు, అది ఏ పాటో మిగతావాళ్ళు చెప్పాలి. అంతే ఆట. బూర్గంపాడులో ఎరువుల షాపు నడిపే ఉదయ్ భాస్కర్ గారు మాకు పెద్దదిక్కు, నేను బాబాయ్ అంటాను. మణుగూరు బొగ్గు గనిలో డంపర్ నడిపే ప్రేమ్‌సాగర్ అన్న నన్ను చెల్లే అంటాడు. కొత్తగూడెంలో పెళ్ళి బ్యాండులో కీబోర్డు వాయించే హర్షిత, రిటైరైన గని కార్మికుడు కాశయ్య గారి చిన్న కూతురు, నన్ను అక్కా అంటుంది. తోడబుట్టినవాళ్ళు లేని నాకు ఆ పిలుపు ఎంతో, నేను చెప్పుకోలేను. ఇక నేను నాగలతను. అశ్వారావుపేటలో అమ్మ పెట్టిన టైలరింగ్ షాపు నాదే ఇప్పుడు.

ఒకరి మొహం ఒకరం చూసుకోకూడదని మా నియమం. "చెవులతో మొదలైన స్నేహం అమ్మాయ్, చెవులతోనే ఉండనిద్దాం" అని బాబాయే పెట్టాడు. అశ్వారావుపేట నుంచి బూర్గంపాడుకు పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి ఇంటికొచ్చి అన్నం తినొచ్చు. అయినా ఇన్నేళ్ళలో ఎవరం గీత దాటలేదు. నేను దాటలేదని చెప్పాలి, మిగతావాళ్ళ సంగతి మీరే వింటారు.

పాట వినిపిస్తే చాలు పేరు చెప్పేసే యాప్‌లు వచ్చాక మా ఆటకు నూకలు చెల్లాయనుకున్నాం. అప్పుడు బాబాయే ఉపాయం కనిపెట్టాడు. పాట ముక్కను చివర్నుంచి మొదటికి తిప్పి పెట్టడం. యాప్‌లకు దిమ్మ తిరిగిపోయింది. వినేవాళ్ళు ఫోన్లో తిప్పి సరిచేసుకోకూడదు, బుర్రలోనే తిప్పుకోవాలి. ఆదివారం సాయంత్రం ఆడతాం కాబట్టి ఉల్టా ఆదివారం అని పేరు పడింది. ఆడగా ఆడగా మా చెవులు ఎలా తయారయ్యాయంటే, బస్సు హారను విన్నా ముందు తిరగేసుకుని చూస్తాం. అదో పిచ్చి.

రెండేళ్ళ కిందట ఒక ఉల్టా ఆదివారం నా వంతు వచ్చింది. పెట్టడానికి నా దగ్గర పాటలు అయిపోయాయి. ముందు గదిలో అమ్మ జాకెట్లు కుడుతూ కూనిరాగం తీస్తోంది. చప్పుడు చెయ్యకుండా రికార్డు చేసి, తిప్పి, గ్రూపులో పడేశాను. ఒక్కరంటే ఒక్కరు చెప్పలేకపోయారు. ఎవరూ చెప్పలేనప్పుడు మర్నాడు పెట్టినవాళ్ళే జవాబు చెప్పాలి. మర్నాడు పొద్దున్నే అమ్మ మిషను మీదికి ఒరిగిపోయింది. ఇక జవాబు ఎవరడిగారు, ఎవరు చెప్పారు!

ఒక్క హర్షితకు చెప్పాను. ఖమ్మం ఆసుపత్రి వరండాలో, ఎవరితో మాట్లాడాలో తెలియక దానికే ఫోన్ చేశాను. పూటంతా ఫోను పెట్టెయ్యకుండా నాతోనే ఉంది పిల్ల. ఆ ముక్క అమ్మదేనని చెప్తే నాతో పాటు ఏడ్చింది. "ఉల్టా కాదు, సీదా ముక్క నాకు పంపవా అక్కా, పెద్దమ్మ గొంతు వింట" అంటే పంపాను. "ఒట్టక్కా, నా చెవి దాటి పోదు" అంది.

ఆ ఒట్టు గుర్తొచ్చినప్పుడల్లా అరికాలి మంట నెత్తికెక్కుతోంది.

సరే. ఈ ఆదివారం మళ్ళీ నా వంతు. ఫోన్ చేసి కడిగేద్దామని వారమంతా చెయ్యి దురద పెట్టింది. కానీ ఒంటరిగా అడిగితే ఒంటరిగా బొంకుతుంది. నలుగురిలో అడగాలి, ఆటలోనే అడగాలి. దాని నోటితో అది మా అమ్మ పేరు చెప్పాలి. శుక్రవారం ఆ పాట బయటికొచ్చేశాక ఇంక అది 'సంగీతం: హర్షిత'. ఆ తర్వాత నేను నెత్తీ నోరూ బాదుకున్నా, మా అమ్మే ఎవరి పాటో పాడుకుందని అంటారు. అమ్మ దగ్గర మిగిలింది ఆ రాగం ఒక్కటే. దాన్ని పోనివ్వను.

సాయంత్రం షాపు తలుపు సగం మూసి, కట్టింగ్ టేబులు మీద ఫోను నిలబెట్టాను. అమ్మ మంచం ఈ గదిలోనే, మిషను పక్కనే ఉంటుంది. మిషను మీద గుడ్డ కప్పి ఉంచుతాను. నేను బట్టలకు పోయినప్పుడు అమ్మకు తోడుండే గురవమ్మ, మంచం మీద కూర్చుని అమ్మకు తల దువ్వుతోంది. రోజూ ఆ వేళకు నేను అమ్మ ముందు కూర్చుని 'ఆ' అనమ్మా, 'ఈ' అనమ్మా అని చంటిపిల్లకు చెప్పినట్టు చెప్తాను. డాక్టరు గారు మానొద్దన్నారు. అమ్మ పెదవులు బిగించి పైకప్పు వైపు చూస్తుంది. రోజూ అంతే. ఆ పూట ఆ ప్రయత్నం కూడా చెయ్యలేదు, నా ధ్యాసంతా ఫోను మీదే ఉంది.

గ్రూపు కాల్ కలిసింది. మొదట వచ్చింది ప్రేమన్నే.

"చెల్లే, ఇయ్యాల జర అల్కగా పెట్టు. ఫస్ట్ షిఫ్ట్ చేసొచ్చిన, చెవులల్ల ఇంకా డంపరే మోగుతాంది."

"నీ చెవుల్లో ఎప్పుడూ డంపరే కదన్నా."

"గట్లనా! పోయినసారి ఫస్ట్ చెప్పింది ఎవరు? బాబాయ్ సార్, మీరు చెప్పుర్రి."

"నువ్వేనయ్యా, ఒప్పుకుంటున్నాం" అన్నాడు బాబాయ్. గొంతులో ఎప్పుడూ ఉండే నవ్వు లేదు. నేను అప్పుడు పట్టించుకోలేదు.

"హాయ్ అక్కా" అంది హర్షిత చివర్లో వచ్చి. ఎంత మెత్తగా అందో! ఆ మెత్తదనానికి ఇన్నాళ్ళు కరిగిపోయిన నన్ను నేనే తిట్టుకున్నాను.

"ఇవాళ ముక్కలు రెండు" అన్నాను. "రెండూ విని ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి. రెండూ ఒకటేనా, కాదా? ఒకటే అయితే, ఎవరిది?"

మొదటి ముక్క పెట్టాను. అమ్మ కూనిరాగం, సీదాగా, మిషను చప్పుడుతో సహా. చాలా రోజుల తర్వాత ఆ గదిలో అది మోగింది. గురవమ్మ దువ్వెన ఆగింది. నేను అమ్మ వైపు చూడలేదు. చూస్తే మిగతా ఆట నడపలేనని భయం.

ఆ రాగంలో ఒక తిరకాసు ఉంది. పైకి ఎక్కుతూ ఎక్కుతూ ఒకచోట చటుక్కున తెగుతుంది. కుట్టు చివరికి రాగానే అమ్మ కాలు ఎత్తి, బట్ట తిప్పుకుంటుంది. అప్పటిదాకా ఊపిరి బిగబట్టి, తర్వాత కింది నుంచి మళ్ళీ అందుకుంటుంది. పాడాలని పాడేవాళ్ళెవరూ అక్కడ తెంపరు. బట్టలు కుట్టే మనిషే తెంపుతుంది.

"ఇదేంది చెల్లే, మిషిన్ కుడుతున్న సప్పుడున్నది" అన్నాడు ప్రేమన్న. "పాత సినిమాల టైలర్ పాట ఏదన్నా ఉన్నదా? బాబాయ్ సార్?"

పాత పాట అంటే చాలు తన క్యాసెట్ల పురాణం మొదలుపెట్టే బాబాయ్, దగ్గి ఊరుకున్నాడు.

"రెండోది వినండి" అని పెట్టాను. హర్షిత పోయిన ఆదివారం 'ఎవరి పాటో చెప్పండి చూద్దాం' అని గ్రూపులో పెట్టి, ఎవరం చెప్పలేకపోతే 'నాదే! నా ఫస్ట్ సాంగ్!' అని ఎగిరి గంతేసిన పాట. అందులో ఫ్లూటు వాయించిన ముక్కను తిప్పి పెట్టాను.

మోగడం అయిపోయింది. ఒక్కసారిగా ప్రేమన్న నవ్వాడు.

"అరే, దొరికింది! రెండూ ఒకటే. గా మిషిన్ కాడ తెగింది జూడు, ఈ ఫ్లూట్ గూడ గక్కడనే తెగుతది. ఒకటే ట్యూన్! ఇంక ఇది ఎవలదంటే..." ఆలోచిస్తూ తనలో తాను పాడుకున్నాడు. "ఇది ఉల్టా చేసినవ్ కదా, సీదా చేస్తే... అరే, ఇది మన హర్షిత పాట! హర్షితా, దొరికినవ్ పో! పాత పాట ఏదో..."

మాట మధ్యలోనే ఆగిపోయింది. ప్రేమన్న అమాయకుడే కానీ తెలివితక్కువవాడు కాదు.

"చెల్లే" అన్నాడు గొంతు తగ్గించి. "మొదటి ముక్కల పాడేది ఎవలు?"

"మా అమ్మ" అన్నాను. "బుల్లెమ్మ. జాకెట్ కుడుతూ పాడుకున్న రాగం. రెండేళ్ళ కింద ఇదే ముక్క ఉల్టా చేసి పెడితే మీరెవరూ చెప్పలేదు. మర్నాడే అమ్మ పడిపోయింది. ఆ జవాబు మీలో ఒక్కరికే తెలుసు. హర్షితా, మైకు తియ్యవే."

తియ్యలేదు. పేరు పక్కన మ్యూట్ గుర్తు అలాగే ఉంది.

"తియ్యమంటున్నానా? పెళ్ళిళ్ళలో వందలమంది ముందు వాయించే దానివి, ముగ్గురి ముందు నోరు రాదా?"

మ్యూట్ గుర్తు పోయింది.

"నువ్వు పడతవని తెలిసే పెట్టిన అక్కా."

"ఏంటీ?"

"ఆదివారమే పెట్టిన చూడు. వేరే రోజు పెట్టలే. ఆదివారం అయితే నువ్వు ఉల్టా చేస్తవ్. నోటితోని చెప్పనీకి నాకు ధైర్యం రాలే."

అబ్బో, ఏం సమర్థింపు! దొంగిలించిన గాజులు వేసుకొచ్చి, చూసి పట్టుకోమని చెయ్యి ఊపినట్టుంది. నాకు పట్టరాని కోపం వచ్చింది.

"ఎందుకు చేశావే? నీకు రాగాలు రావా? ఎన్నిసార్లు నాకు ఫోన్లో వాయించి వినిపించలేదు నువ్వు?"

"నావి ఏవి పంపినా డైరెక్టర్ సార్ వద్దన్నడు అక్కా. అన్నీ విన్నట్టే ఉన్నయ్ అన్నడు. రేపటికి ఇయ్యకపోతే వేరేటోళ్ళకు ఇస్తా అన్నడు. నాయిన ఊపిరి ఆడక మంచంల ఉండె, 'నా బిడ్డ పాట టీవీల వినాలె' అని ఒకటే పాట. నా ఫోన్‌ల నీ ఉల్టా ముక్క ఉన్నది. ఒకసారి వాయించి చూసిన. ఎక్కడా విన్నట్టు లేదు. ఉల్టా చేసినంక అది ఎవ్వలది కాదనుకున్న."

"ఎవరిదీ కాదా?" నేను అరిచేశాను. "జాకెట్టు లోపలివైపు బయటికి తిప్పి తొడుక్కుంటే అది నీదైపోతుందా? కుట్లు కనబడవా? ఆసుపత్రి వరండాలో నాతో ఏడ్చావు కదే. నా చెవి దాటి పోదన్నావు. నిన్ను నమ్మి పంపాను. సీదా ముక్క ఈ గ్రూపులో కూడా పెట్టలేదు, నీకొక్కదానికే పంపాను!"

"తప్పే అక్కా."

"తప్పంటే సరిపోదు. చెప్పు. ఆ పాట ఎవరిది?"

"బుల్లెమ్మ పెద్దమ్మది."

"గట్టిగా."

"బుల్లెమ్మ పెద్దమ్మది!" ఏడుపు వచ్చేసింది దానికి. "శుక్రవారం కూడా అదే పేరు వస్తది. డైరెక్టర్ సార్‌తోని మాట్లాడిన. ఒట్టు."

"నీ ఒట్లు నా దగ్గర పెట్టకు."

నేను గెలిచాను. వారమంతా పళ్ళు కొరుకుతూ కోరుకున్న మాట వచ్చేసింది. గుండె బరువు దిగాలి కదా? దిగలేదు. ఇన్నాళ్ళు అక్కా అని పిలిచిన గొంతు అలా వెక్కుతుంటే నాకూ కళ్ళు మండాయి. అయినా తుడుచుకోలేదు.

అప్పుడు ప్రేమన్న మాట్లాడాడు. ఇంతసేపూ ఏదో ఒకటే ముక్కను మళ్ళీ మళ్ళీ వింటున్నట్టు అతని వైపు నుంచి చిన్నగా వయొలిన్ వినపడుతోంది.

"చెల్లే, కోపం చేసుకోకు, ఒక్క మాట. నువ్వు హర్షిత పాట మొత్తం విన్నవా?"

"వందసార్లు విన్నానన్నా."

"సీదాగనా, ఉల్టాగనా?"

"ఉల్టాగానే. పోయినవారం ఒక్కసారి సీదాగా విన్నాను, అంతే. అమ్మది అని తెలిశాక ఉల్టాగానే వింటున్నాను. ముందు ఫ్లూటు ముక్క అమ్మది, ఆ తర్వాత వచ్చే వయొలిన్ దీని సొంత పైత్యం. తిప్పితే అడ్డదిడ్డంగా ఉంది."

"గక్కడనే మనం దెబ్బ తిన్నం" అన్నాడు. "ఆదివారం అంటె అన్నీ ఉల్టా చేసుడే కదా మన అలవాటు. వయొలిన్ ముక్క ఉల్టా చెయ్యకు. సీదా విను. ఉన్నది ఉన్నట్టు విను."

పెట్టాడు. వయొలిన్ కింది నుంచి మొదలైంది. నెమ్మదిగా పైకి ఎక్కుతూ ఎక్కుతూ వెళ్ళింది. ఒకచోట చటుక్కున తెగింది. ఊపిరంత సేపు ఏమీ లేదు. తర్వాత కింది నుంచి మళ్ళీ అందుకుంది.

ఆ తెగే చోటు, ఆ అందుకునే తీరు అమ్మవి. కానీ ఆ రాగం నేను పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ వినలేదు. అమ్మ కూనిరాగాలన్నీ నాకు కంఠతా వచ్చు. నా చిన్నప్పటి నిద్రంతా ఆ మిషను పక్కనే. ఇది అందులో లేదు. నేను పంపిన ముక్కలోనూ లేదు.

"ఇదెక్కడిదే?" అన్నాను. ఈసారి అరవలేదు. "హర్షితా, ఈ రెండో ముక్క ఎక్కడిది?"

"అక్కా, అది..."

"వద్దమ్మా హర్షితా" అన్నాడు బాబాయ్.

ఆట మొదలయ్యాక నోరు మెదపని మనిషి, ఇప్పుడు మాట్లాడి, 'వద్దు' అంటున్నాడు.

"ఏం వద్దు బాబాయ్?"

"చూడమ్మాయ్, కొన్ని ఫోన్లో చెప్పేవి కావు. ఆవిడకు మాటిచ్చాం."

"ఏ ఆవిడకు? ఎవరికి మాటిచ్చారు? మీరు, అది కలిసి మాటిచ్చారా? మీరిద్దరూ ఎప్పుడు కలిశారసలు? చెవులతోనే ఉండనిద్దాం అని నీతులు చెప్పింది మీరు కాదూ!"

ఆయన్ని తండ్రి లాంటివాడనుకున్నాను. పాట తెలియకపోతే నేను ముందు ఆయన్నే అడిగేదాన్ని. ఆయన చెప్పిందే నాకు వేదం. అలాంటి మనిషి నా వెనక మంతనాలు జరుపుతున్నాడు.

"నేను చెప్త సార్. ఇంక నాతోని కాదు" అంది హర్షిత. ముక్కు చీది, గొంతు సవరించుకుంది. "అక్కా, పాట అయిపోయినంక నాకు నిద్ర పట్టలే. నీతోని చెప్పనీకి భయమైంది. పెద్దమ్మ కాళ్ళ మీద పడి చెప్పుకుందామనుకున్న. భాస్కర్ సార్‌ను బతిమిలాడితే కార్ల తీసుకొచ్చిండు. ఉగాది అయినంక. గురువారం. నువ్వు సత్తుపల్లి పోయిన రోజు."

గురువారాలు నేను లైనింగ్ గుడ్డకు, దారాలకు సత్తుపల్లి పోతాను. అది వీళ్ళందరికీ తెలుసు. బస్సులో కూర్చుని వీళ్ళకే మెసేజులు పెడుతుంటాను.

"మా ఇంటికి వచ్చావా నువ్వు?"

"వచ్చిన. పెద్దమ్మకు నా పాట పెట్టిన. 'ఇది నీదే పెద్దమ్మా, నేను దొంగతనం చేసిన' అని చెప్పిన. పెద్దమ్మ గుర్తుపట్టలే అక్కా. తనదని తెల్వలే. ఉల్టా కదా. ఊరికె వినుకుంట ఉన్నది. మళ్ళ పెట్టమని చెయ్యితోని సైగ చేసింది. మళ్ళ పెట్టిన. మూడోసారి పెట్టినప్పుడు..."

"పెట్టినప్పుడు?"

"పాట అయిపోయిన కాడ నుంచి పెద్దమ్మ అందుకున్నది. ముక్కుతోని. సన్నగ. నా రోమాలు నిక్కబొడుచుకున్నయ్. ఆ వయొలిన్ ముక్క పెద్దమ్మ పాడిందే అక్కా, తర్వాత పాటల కలిపిన. నేను ఒక్క స్వరం కూడా మార్చలే."

నేను టేబులు అంచు పట్టుకున్నాను.

"అబద్ధం" అన్నాను. "మా అమ్మకు గొంతు లేదు."

"ఒక్కసారి కాదక్కా. అప్పటి నుంచి గురువారం గురువారం వస్తాన. సారే తీసుకొస్తడు. నేను చిన్న కీబోర్డు తెస్త, పెద్దమ్మ కొత్తయి పాడుతది. నీకు చెప్త అంటె వద్దని సైగ చేసింది. నీ కుర్చీ చూపెట్టి, నోటి మీద వేలు పెట్టుకున్నది."

ఎంత సులువుగా చెప్పేసింది! నా ఇంట్లో, మా అమ్మ మంచం పక్కన, నా కుర్చీ చూపించి. నేను సత్తుపల్లిలో గుడ్డ బేరం ఆడుతుంటే ఇక్కడ కచేరీ జరిగేది. సాయంత్రం నేను వచ్చి 'ఆ' అనమ్మా అంటే అమ్మ పైకప్పు వైపు చూసేది. రావడం లేదనుకుని నేను పెరట్లోకి పోయి ఏడ్చేదాన్ని.

నేను గురవమ్మ వైపు తిరిగాను. దువ్వెన ఒళ్ళో పెట్టుకుని తల దించుకుంది.

"నీకు తెలుసా గురవమ్మా?"

"ఏం చెయ్యమంటవ్ బిడ్డా" అంది. "ఎన్నిసార్లు చెబుదామనుకున్ననో. అమ్మ వద్దన్నది."

"వద్దని సైగ చేసిందా? నీకు కూడా వేలు చూపించిందా?"

గురవమ్మ తల ఎత్తి నన్ను చూసింది. అయ్యో అన్నట్టు చూసింది. ఆ చూపు ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది.

"సైగ గాదు బిడ్డా. నోటితోనే అన్నది."

ఫోన్లోంచి ప్రేమన్న "ఏందీ?" అన్నాడు. వాళ్ళకూ తెలియదు. హర్షితకు తెలియదు, బాబాయికి తెలియదు. వాళ్ళకు వేలు, సైగ. గురవమ్మకు మాట. నాకు పైకప్పు.

రెండేళ్ళు. ఆమెకు స్నానం చేయించాను, అన్నం కలిపి నోట్లో పెట్టాను, పెళ్ళి సంబంధం వస్తే అమ్మను వదిలి రానని తిప్పి పంపాను. హర్షిత మోసం చేస్తే కోపం వచ్చింది. బాబాయ్ మోసం చేస్తే మనసు విరిగింది. దీనికి ఏం రావాలో కూడా నాకు తెలియలేదు. కన్నతల్లి నన్నొక్కదాన్నే బయట పెట్టి తలుపేసుకుంది. నేనేం చేశాను ఆమెకు?

మెల్లగా మంచం వైపు తిరిగాను.

అమ్మ మొహం మిషను వైపు తిప్పుకుని పడుకుంది. దుప్పటి కింద ఎడమ పాదం కదులుతోంది. ముందుకు, వెనక్కు. ముందుకు, వెనక్కు. మిషను తొక్కుతున్నట్టే. టేబులు మీద ప్రేమన్న వైపు నుంచి ఆ వయొలిన్ ముక్క ఇంకా సన్నగా మోగుతూనే ఉంది. దానికి సరిగ్గా కదులుతోంది పాదం. రాగం తెగే చోటికి రాగానే పాదం లేచింది, ఊపిరంత సేపు ఆగింది, మళ్ళీ మొదలైంది.

"అమ్మా" అన్నాను.

పాదం ఆగిపోయింది.

"అమ్మా, నీకు మాట వచ్చిందా?"

గురవమ్మ లేచి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గుమ్మం దగ్గరికి పోయి నిలబడింది. అమ్మ కళ్ళు మూసుకుంది. నిద్ర నటించడం ఆమెకు చేతకాదు, రెప్పలు అదురుతున్నాయి. నేను మంచం పక్కన నేల మీద చతికిలబడ్డాను. ఏడుస్తున్నానని నాకప్పుడే తెలిసింది.

"అందరితో ఉంది కదమ్మా నీకు. నాతో ఎందుకు లేదు?"

అమ్మ కళ్ళు తెరిచింది. తల దిండు మీద కొంచెం కొంచెంగా నా వైపు తిప్పింది. బాగున్న చేత్తో నా చెంప తడిమింది. తర్వాత ఆ చెయ్యి తీసి, వేలితో టేబులు వైపు చూపించింది. పెదవులు వంకర పోయాయి, కుదురుకోవడానికి చాలాసేపు పెనుగులాడాయి. ఎక్కడో లోపలి నుంచి, గరుకుగా, ముక్కలు ముక్కలుగా, రెండేళ్ళ తర్వాత మా అమ్మ నాతో మొదటి మాట అంది.

"ఫో... ఫోను. కట్టెయ్. నీకొక్క... దానికే... చెప్పాలి."